పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రగా మారింది, ఇదేం మాయ?

తంగేడుపువ్వు · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్. మొన్న మా మరిది పెళ్లికి ఇంట్లో మైలపోలు తీశాం. మా ఆయన కొత్త తెల్ల చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. పాతది వేసుకోండి అంటే వినలేదు. వదినలు ఊరుకుంటారా, మెడ నుంచి జేబు దాకా పసుపు మెత్తారు. ఉతికితే పోతుందిలే అని రాత్రి బకెట్‌లో సబ్బు పొడి వేసి నానబెట్టాను.

పొద్దున్నే చూస్తే గుండె గుభేల్‌మంది. మరక పోలేదు సరికదా, ఇటుక రంగులోకి తిరిగింది. కుంకుమ పడిందేమో అని వాసన కూడా చూశాను. ఇంకో విచిత్రం, మంచినీళ్లలో నాలుగుసార్లు జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు వచ్చింది. సబ్బు రుద్దితే మళ్లీ ఎరుపు. మూడుసార్లు చేసి చూశా, మూడుసార్లూ అంతే.

మా అత్తమ్మ "కొత్త పొడి తెచ్చినవ్, అదే రంగేసింది" అంటోంది. పొడి కంపెనీ పేరు ఇక్కడ రాయను. దుకాణం వాడిని అడగాలా, లేక చొక్కా మీద ఆశ వదులుకోవాలా?


కాజీపేట_జంక్షన్ · ఆదివారం, రాత్రి 9:30

వదినా, ఆ చొక్కా ఇక ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కట్టేయండి. పసుపు, ఎరుపు వచ్చేశాయి, ఆకుపచ్చ ఒక్కటే బాకీ.


కిరాణం_పరకాల · ఆదివారం, రాత్రి 9:41

అక్కా, దుకాణం వాడిని ఏమీ అనకండి, మా బతుకే అది 😀 మా పరకాల దుకాణంలో ఈ ఫిర్యాదు పెళ్లిళ్ల సీజన్‌లో తప్పనిసరిగా వస్తుంది. ఏ కంపెనీ పొడి అమ్మినా వస్తుంది. బట్టల సబ్బు బిళ్ల పెట్టినా వస్తుంది. కాబట్టి పొడి తప్పు కాదని మాత్రం చెప్పగలను. ఎందుకు అలా అవుతుందో మాత్రం నాకు తెలియదు. సార్ ఎవరైనా ఉంటే చెప్పాలి.


రిటైర్డ్_సార్ · ఆదివారం, రాత్రి 10:05

అమ్మా తంగేడుపువ్వు, ముందు మీ అత్తగారిని ఒక మాట అడగండి. కొత్త కోడలు గడప దగ్గరికి వచ్చినప్పుడు దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు ఎట్లా కలిపారు? పళ్లెంలో నీళ్లు పోసి, చిటికెడు పసుపు వేసి, తాంబూలంలో వేసుకునే సున్నం కాస్త కలిపి ఉంటారు. వేలితో తిప్పగానే నీళ్లు ఎర్రబడతాయి. మీ బకెట్‌లో జరిగింది అచ్చంగా అదే. అక్కడ సున్నం, ఇక్కడ బట్టల సోడా. రాత్రంతా మీరు చొక్కాకు దిష్టి తీశారు, అంతే.

పసుపుకు ఆ రంగు ఇచ్చే పదార్థం పేరు కర్కుమిన్. నిమ్మరసం లాంటి ఆమ్లంలోనూ, మంచినీళ్లలోనూ అది పసుపు రంగులోనే ఉంటుంది. క్షారం తగిలితే దాని అణువు నుంచి హైడ్రోజన్ ఊడిపోతుంది. అప్పుడది వెలుతురును పీల్చుకునే తీరు మారి మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. క్షారం కడిగేస్తే హైడ్రోజన్ తిరిగి చేరుతుంది, రంగూ వెనక్కి వస్తుంది. సబ్బు పొడి కలిపిన నీళ్ల పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె, ఏడు దాటితే క్షారం) పది దరిదాపుల్లో ఉంటుంది. అందుకే మీరు మూడుసార్లు చేసినా మూడుసార్లూ అదే ఫలితం. అసలు సిసలు ప్రయోగం అంటే అదే, ఎన్నిసార్లు చేసినా ఒకే జవాబు రావాలి.

ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. కాలేజీలో లిట్మస్ కాగితాలు అయిపోయినప్పుడల్లా వడపోత కాగితాన్ని పసుపు నీళ్లలో ముంచి, ఆరబెట్టి, ముక్కలు కోసి పంచేవాడిని. పని జరిగిపోయేది.


తంగేడుపువ్వు · ఆదివారం, రాత్రి 10:14

సార్, ఎర్రనీళ్ల మాట చదివి వినిపిస్తే మా అత్తమ్మ ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అవును కదా" అంది. అది మా ఇంట్లో పెద్ద విషయం 🙏

మరి మరక పోయేదెట్లా?


రిటైర్డ్_సార్ · ఆదివారం, రాత్రి 10:32

కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. నూనెలో కరుగుతుంది, ఆల్కహాల్‌లో కరుగుతుంది. నలుగులో నూనె కూడా కలిపి ఉంటారు కాబట్టి అది దారం లోపలి దాకా పోయి ఉంటుంది. కరోనా నాటి హ్యాండ్ శానిటైజర్ సీసా ఇంట్లో మిగిలి ఉంటే మరక కింద పాత గుడ్డ పెట్టి, పైన శానిటైజర్ వేసి అద్దండి. రుద్దకండి, అద్దండి. పసుపు కింద గుడ్డకు దిగుతుంది. పొయ్యి దగ్గర మాత్రం ఈ పని వద్దు, ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది.

తర్వాత మామూలుగా సబ్బు పెట్టి ఉతకండి. ఎర్రబడితే భయపడొద్దు, క్షారంలో కర్కుమిన్ నిలకడగా ఉండలేక నెమ్మదిగా విరిగిపోతుంది, అది మనకు లాభమే. బాగా జాడించి, తడి చొక్కాను డాబా మీద నేరుగా ఎండలో వేయండి. అసలు మందు అదే. వెలుతురు ఆ అణువును ముక్కలు చేస్తుంది, ముక్కలకు రంగు ఉండదు. రెండు మూడు రోజులు ఓపిక పట్టండి. మన దగ్గర ఎండకు కొదువ లేదు.


కాజీపేట_జంక్షన్ · ఆదివారం, రాత్రి 10:50

సార్, రెండు మూడు రోజులు ఎందుకు? నా దగ్గర అరగంట మందు ఉంది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో బాత్రూం యాసిడ్ ఒక మూత కలిపితే ఎంత మొండి మరకైనా ఎగిరిపోతుంది. పోయిన నెల మా బాత్రూం టైల్స్‌కు చేశా. తళతళ మెరిశాయి. జర దగ్గు వచ్చింది, కళ్లు మండాయి అంతే.


స్టాఫ్‌నర్సు_అక్క · ఆదివారం, రాత్రి 10:53

తమ్మీ, ఆ పోస్టు వెంటనే తీసెయ్. ఎవరైనా చదివి చేస్తారు.


రిటైర్డ్_సార్ · ఆదివారం, రాత్రి 11:02

బాబూ, నీకు కోపం వచ్చినా సరే, చెప్పక తప్పదు. నువ్వు ఆ రోజు పీల్చింది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం సిలిండర్ల మూతలు తిప్పి అవతలి కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే.

బ్లీచింగ్ పౌడర్‌లో, బ్లీచ్ ద్రావణంలో ఉండేది హైపోక్లోరైట్. అది క్షారంలో ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రెండూ కలిస్తే క్లోరిన్ బయటికి తన్నుకొస్తుంది. అది గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, కాబట్టి పైకి పోదు, బాత్రూం నేల మీదే పరుచుకుంటుంది. నువ్వు వంగి టైల్స్ తోమావు, అంటే ముక్కును దాని దగ్గరికే తీసుకుపోయావు. కిటికీ తెరిచి ఉండబట్టి బతికిపోయావని అనుకుంటున్నాను.


కాజీపేట_జంక్షన్ · ఆదివారం, రాత్రి 11:09

కిటికీ కాదు సార్, మా పాప తలుపు కొడితే తీశా.

పోస్టు తీసేయమంటారా?


నిర్వాహకుడు · ఆదివారం, రాత్రి 11:20

తీయొద్దు. దాని పైన ఎర్ర అక్షరాలతో హెచ్చరిక పెట్టాను, చదివినవాళ్లకు కింద సార్ జవాబు కూడా కనిపిస్తుంది. మళ్లీ చెబుతున్నా, బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ, నిమ్మ ఉప్పుతో గానీ, అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో గానీ కలపొద్దు.


స్టాఫ్‌నర్సు_అక్క · ఆదివారం, రాత్రి 11:34

ఇంకొకటి కలపండి ఆ జాబితాలో. మూత్రం వాసన వస్తున్న మరుగుదొడ్డిలో నీళ్లు కొట్టకుండా నేరుగా బ్లీచింగ్ చల్లొద్దు. మూత్రంలో నుంచి వచ్చే అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ అనే ఘాటు వాయువు పుడుతుంది. బడుల్లో ఆయమ్మలు చల్లి దగ్గుతూ బయటికి వస్తారే, అది సగం దానివల్లే. ముందు బకెట్ నీళ్లు కొట్టి తర్వాత చల్లాలి.

ఎవరికైనా ఇట్లా అయితే ముందు బయటికి రండి, లోపలికి పోయి బకెట్ ఒలకబోయాలని చూడకండి. కళ్లు మండితే నల్లా కింద పావుగంట కడగండి. ఆయాసం తగ్గకపోతే 108కి ఫోన్. ఒక్కోసారి అప్పటికి బాగానే ఉండి కొన్ని గంటల తర్వాత ఊపిరి ఇబ్బంది మొదలవుతుంది. మా వార్డులో చూశాను కాబట్టి చెబుతున్నా. రాత్రి పడుకుంటే తగ్గుతుందిలే అనుకోవద్దు.


కొత్తవాడ_మగ్గం · సోమవారం, ఉదయం 6:15

తెల్ల చొక్కా కాబట్టి సార్ చెప్పిన ఎండ మందు పనిచేస్తుంది. ఇదే రంగు చీర అయితే నా మాట వినండి. మేం దర్రీలు, అంటే జంపఖానాలు నేసేవాళ్లం, వరంగల్ కొత్తవాడ. మా దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది వేరే కథ. రంగు చీర మీద పసుపు పడితే రోజులకు రోజులు ఎండలో వేయకండి, పసుపుతో పాటు చీర రంగూ వెలుస్తుంది. బ్లీచ్ అసలే వద్దు.

మా నాన్న రంగు తొట్టి దగ్గర ఉన్నప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నీలి రంగు తొట్టిలో నీళ్లు నీలంగా ఉండవు, పచ్చపచ్చగా ఉంటాయి. నీలి మందు నీళ్లలో కరగదు. కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే రసాయనం వేస్తే దాని రంగు పోయి కరుగుతుంది. నూలు ముంచి పైకి తీసినప్పుడు పసుపు-ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగులుతున్నకొద్దీ కళ్ల ముందే ఆకుపచ్చ, ముదురాకుపచ్చ, తర్వాత నీలం. నాన్న ఏదో మంత్రం వేస్తున్నాడని అనుకునేవాడిని. గాలిలో ఆక్సిజన్ దాన్ని మళ్లీ కరగని నీలి మందుగా మార్చి దారంలోనే బంధిస్తుందని చాలా ఏళ్లకు తెలిసింది. అందుకే ఆ రంగు చాలా ఉతుకులకు ఆగుతుంది.

ఇంకో మాట. కొత్త బట్ట రంగు పోకుండా ఉప్పు నీళ్లలో నానబెట్టాలని అందరూ అంటారు. మేం అద్దకంలో ఉప్పు వేస్తాం, నిజమే. కానీ అది రంగును నీళ్లలో నుంచి దారంలోకి తోయడానికి. పట్టించేది సోడా. అద్దకంలో సరిగా పట్టని రంగును ఇంట్లో గుప్పెడు ఉప్పు పట్టించలేదు. నానబెట్టినంతసేపు కాస్త తక్కువగా వదులుతుంది, తర్వాతి ఉతుకులో మళ్లీ పోతుంది.


కిరాణం_పరకాల · సోమవారం, ఉదయం 8:40

మగ్గం అన్నా, మా అమ్మ యాభై ఏళ్ల నుంచి ఉప్పులో వేస్తోంది. ఈ మాట ఆమెకు నువ్వే చెప్పాలి.


బీటెక్_మూడో_ఏడాది · సోమవారం, మధ్యాహ్నం 1:25

సార్, ఇక్కడే ఇంకో డౌట్. నేను ఉండే హాస్టల్‌లో (పేరు వద్దు) బోరు నీళ్లు. స్నానం సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. బకెట్ అంచున తెల్లటి జిడ్డు పట్టీ కడుతోంది. తల గడ్డిలా అవుతోంది. ఇంటికి పోతే అదే సబ్బుతో మస్తు నురగ వస్తుంది. సబ్బు డూప్లికేటా?


రిటైర్డ్_సార్ · సోమవారం, సాయంత్రం 5:50

సబ్బు మంచిదే నాయనా, నీళ్లే గట్టివి. మన కింద ఉన్నది రాతి నేల. నీళ్లు ఆ పగుళ్లలో ఏళ్లకు ఏళ్లు నిలిచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని వస్తాయి. సబ్బు అంటే నూనెను కాస్టిక్ సోడాతో ఉడికిస్తే వచ్చే సోడియం లవణం. అది కాల్షియాన్ని చూడగానే సోడియాన్ని వదిలేసి దానితో జత కడుతుంది. ఆ జత నీళ్లలో కరగదు. నీ బకెట్ అంచున ఉన్న జిడ్డు అదే. నువ్వు రుద్దే సబ్బులో మొదటి భాగం ఒంటికి కాదు, నీళ్లలోని కాల్షియానికి ఖర్చవుతోంది. అది తీరాకే నురగ మొదలవుతుంది.

బట్టల పొడిలో, షాంపూలో ఉండేది సబ్బు కాదు, డిటర్జెంట్. అది కాల్షియంతో అంత తేలిగ్గా గడ్డకట్టదు. పైగా పొడిలో వేసే సోడా ముందే కాల్షియాన్ని పట్టేస్తుంది. అందుకే అదే బోరు నీళ్లలో బట్టలకు నురగ వస్తుంది, నీ ఒంటికి రాదు. తలకు మాత్రం సబ్బు బిళ్ల రుద్దకు. చివరి చెంబు నీళ్లలో అరచెక్క నిమ్మకాయ పిండి పోసుకుంటే జిడ్డు విడుస్తుంది. కుంకుడుకాయ అయితే ఇంకా మేలు. దాని నురగ సాపోనిన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది, గట్టి నీళ్లలో తెల్ల పట్టీ కట్టదు, గుణం కూడా కొంచెం పులుపు వైపే. కళ్లలో పడితే మాత్రం నన్ను తిట్టుకోవద్దు.

సబ్బు పొడి రాకముందు మన చాకళ్లు బట్టలను చౌడు మట్టిలో నానబెట్టి, బానలో ఆవిరి పట్టేవాళ్లు. ఆ మట్టిలో ఉన్నది ఈ సోడానే. మా ఊరి చెరువు కింద చౌడు నేల ఎండాకాలంలో తెల్లగా పూత పూసేది. దాన్ని ఊడ్చుకొచ్చి కుండల్లో దాచేవాళ్లు. పంటకు పనికిరాని నేల బట్టలకు పనికొచ్చింది.


బీటెక్_మూడో_ఏడాది · సోమవారం, సాయంత్రం 6:20

థాంక్యూ సార్. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్‌తో చూస్తే నీళ్లు ఎంత గట్టివో తెలుస్తుందా?

ఇంకోటి చెప్పాలి. పోయిన వారం మా అక్కా వాళ్లింటికి ఫిల్టర్ అమ్మే ఆయన వచ్చాడు. రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల ఫిల్టర్ నీళ్లు. రెండింట్లో కడ్డీలున్న మిషన్ పెట్టి కరెంటు ఇచ్చాడు. రెండు నిమిషాల్లో నల్లా నీళ్లు మురికి కాలువలా గోధుమ రంగు, పైన తెట్టు. ఫిల్టర్ నీళ్లు అద్దంలా అలాగే ఉన్నాయి. "చూడండమ్మా, పిల్లలకు ఇది తాగిస్తున్నారు" అన్నాడు. అక్క చెక్కు బుక్కు తీసేసింది.

నాకు డౌట్ వచ్చి వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి ఆయన ఫిల్టర్ నీళ్లలో వేశా. మళ్లీ స్విచ్ వేయమన్నా. ఆయన వద్దన్నాడు. నేనే వేశా. నల్లా నీళ్ల కంటే ముదురు రంగు వచ్చింది. ఆయన ఏమీ అనకుండా మిషన్ తుడుచుకుని సంచిలో పెట్టుకున్నాడు. మజ్జిగ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.


రిటైర్డ్_సార్ · సోమవారం, సాయంత్రం 6:45

శభాష్! నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత చక్కటి ప్రాక్టికల్ చేసిన పిల్లవాడు దొరకలేదు.

ఆ రంగు నీళ్లలోది కాదు, కడ్డీది. ఇనుప కడ్డీ కరెంటుకు కరిగి ఇనుము హైడ్రాక్సైడ్ అవుతుంది, అంటే తుప్పు లాంటిదే. కరెంటు పారాలంటే నీళ్లలో లవణాలు ఉండాలి. నల్లా నీళ్లలో ఉంటాయి, ఫిల్టర్ నీళ్లలో దాదాపు ఉండవు. నువ్వు ఉప్పు వేయగానే దారి దొరికింది.

మీటర్ సంగతి. అది కూడా నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి అంకె చెబుతుంది. కరిగిన లవణాలన్నీ కలిపి లెక్క. అందులో కాల్షియం ఎంత, మామూలు ఉప్పు ఎంత అని విడదీయలేదు. క్రిములు ఉన్నాయా లేదా అసలే చెప్పదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్ల కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. కరిగిన లవణాలకు ఆ అంకెలు 500, 2000. రెండూ వేర్వేరు పరీక్షలు.


కిరాణం_పరకాల · సోమవారం, రాత్రి 9:05

సబ్బుల మాట వచ్చింది కాబట్టి నా వంతు. రేపర్ వెనక చిన్న అక్షరాల్లో టీఎఫ్ఎం అని ఒక శాతం ఉంటుంది. సబ్బులో కొవ్వు పదార్థం ఎంతో ఆ అంకె చెబుతుంది. 76 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఒకటో గ్రేడు, 70 నుంచి రెండో గ్రేడు, 60 నుంచి మూడోది. వీటిని టాయిలెట్ సోప్ అంటారు. బేతింగ్ బార్ అని రాసి ఉంటే అది ఈ లెక్కలోకి రాదు, దానికి 40 ఉన్నా చాలు. కొన్ని సబ్బులు నీళ్లలో పెడితే తొందరగా మెత్తబడి అరిగిపోతాయి. తిట్లు మాత్రం నాకు పడతాయి.

మొన్న ఒకాయన ఒకటో గ్రేడు సబ్బు తీసుకుని చదివి వెనక్కి ఇచ్చేశాడు. "టాయిలెట్ సోప్ అట, ఒంటికి రుద్దేది ఇవ్వు" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. బేతింగ్ బార్ పట్టుకుపోయాడు.


కాజీపేట_జంక్షన్ · సోమవారం, రాత్రి 9:22

😂 అది నేనే అయి ఉండొచ్చు.

సార్, ఒకటి అడుగుతా, తిట్టొద్దు. వంట సోడా, నిమ్మరసం కలిపి సింకు కడిగితే బుసబుస పొంగుతుంది కదా, అది కూడా విషమా?


రిటైర్డ్_సార్ · సోమవారం, రాత్రి 9:40

విషం కాదు. ఉత్త కార్బన్ డయాక్సైడ్, సోడా బుడ్డిలో ఉండేదే. కాకపోతే దండగ. సోడా క్షారం, నిమ్మరసం ఆమ్లం, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది ఉప్పునీళ్ల లాంటిది. జిడ్డు ఉంటే సోడా ఒక్కటే వాడు. తెల్లటి నీళ్ల మరకలుంటే నిమ్మరసం ఒక్కటే వాడు. పొంగు చూడ్డానికి బాగుంటుంది, వీడియోలు తీసేవాళ్లకు అదే కావాలి.

నీ హీటర్ రాడ్డు మీద తెల్లటి పెంకు కట్టి ఉంటుంది, అది కాల్షియం కార్బొనేట్. ప్లగ్ తీసేసి, రాడ్డు చల్లారాక, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో కొన వరకు ముంచి ఉంచు. బుడగలు వస్తూ పెంకు వదులుతుంది. యాసిడ్ సీసా జోలికి పోకు.


తంగేడుపువ్వు · మంగళవారం, ఉదయం 10:10

చొక్కా ఎండలో ఉంది, రేపు చెబుతా. ఈలోగా మా ఇంట్లో ఇంకో రంగు మారింది! కొత్త కోడలి సామాన్లలో ఇత్తడి బిందెలు వచ్చాయి. నల్లబడ్డాయని అత్తమ్మ చింతపండు గుజ్జు పట్టించి రాత్రంతా వదిలేసింది. పొద్దున కడిగితే అక్కడక్కడా గులాబీ రంగు మచ్చలు. ఈసారి పొడి మీదికి నెట్టే వీలు లేదని నేనేమీ మాట్లాడలేదు.


పెంబర్తి_ఇత్తడి · మంగళవారం, మధ్యాహ్నం 12:30

పెంబర్తిలో ఇత్తడి పని చేసేవాణ్ని, నన్ను చెప్పనివ్వండి. చింతపండు సరైన మందే. కానీ రెండు నిమిషాల మందు, రాత్రంతా కాదు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపు ముందు పైన ఉన్న నల్ల పొరను తింటుంది, బిందె మెరుస్తుంది. అంతటితో కడిగేయాలి. ఇంకా ఉంచితే జింకును తినడం మొదలుపెడుతుంది. జింకు పోయిన చోట రాగి మిగులుతుంది, అదే మీకు గులాబీ రంగుగా కనిపిస్తోంది. పైపైనే కాబట్టి సన్నటి ముగ్గు పిండితో గట్టిగా తోమితే చాలా వరకు పోతుంది.

గోడకు తగిలించే బొమ్మలు, పలకలు ఉంటే వాటికి చింతపండు పెట్టొద్దు. మేం పైన లక్క పూత వేసి ఇస్తాం. తడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఆ బిందెల్లో నీళ్లు పోసుకోవడానికి ఇబ్బంది లేదు. పులుసు కాచే గిన్నెకు మాత్రం లోపల కళాయి ఉండాలి. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండితే రాగి కూరలోకి దిగుతుంది, వాంతులవుతాయి. కళాయి పోసేవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు. మా తాత పోసేవాడు. గిన్నెను బొగ్గుల మీద తిప్పుతూ, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) చిటికెడు చల్లితే గుప్పున తెల్ల పొగ లేచేది. ఆ పొగలో ఉన్న ఆమ్లం లోహం మీది తుప్పును ఊడదీస్తుంది. వెంటనే తగరం ముక్క రాసేవాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వేడి గిన్నెకు వెన్నలా అంటుకునేది. దూది ఉండతో ఒక్క చుట్టు తిప్పితే లోపలంతా వెండిలా. తాత దగ్గు ఆ పొగ వల్లేనని ఇప్పుడు అనిపిస్తుంది.


స్టాఫ్‌నర్సు_అక్క · మంగళవారం, మధ్యాహ్నం 2:15

అనిపించడం కాదు అన్నా, అమ్మోనియా, ఆమ్లం రెండూ ఆ పొగలో ఉంటాయి. అప్పట్లో మూతికి గుడ్డ కూడా కట్టుకునేవాళ్లు కాదు.


కొత్తవాడ_మగ్గం · మంగళవారం, రాత్రి 8:00

మా రంగు తొట్టి దగ్గర కూడా అంతే. హైడ్రోస్ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. చేతులకు తొడుగులు మొన్న మొన్ననే వచ్చాయి.


కాజీపేట_జంక్షన్ · బుధవారం, ఉదయం 7:30

నిన్న మా ఇంట్లో యాసిడ్ సీసా, బ్లీచింగ్ డబ్బా వేరువేరు అరల్లో పెట్టాను. మా ఆవిడ "ఏమైంది, ఇంత బుద్ధి ఎక్కడినుంచి వచ్చింది" అని అడిగింది. చెప్పలేదు.


తంగేడుపువ్వు · బుధవారం, సాయంత్రం 6:40

చొక్కా ఫలితం! శానిటైజర్‌తో అద్దినప్పుడే కింద గుడ్డ పచ్చగా అయింది, సగం మరక దానికే దిగింది. సబ్బు పెడితే మళ్లీ ఎర్రబడింది, ఈసారి ఎవరూ భయపడలేదు. మా అత్తమ్మ పక్కింటావిడను పిలిచి మరీ చూపించింది. మూడు రోజులు డాబా మీద ఎండ. మెడ తెల్లగా అయింది, ఛాతీ తెల్లగా అయింది. దగ్గర పెట్టుకుని చూసినా కనిపించడం లేదు.

జేబు కింద మాత్రం నలుచదరంగా ఇంకా పచ్చగానే ఉంది. జేబు గుడ్డ అడ్డం వచ్చి అక్కడికి ఎండ పోలేదు. రేపు చొక్కా తిరగేసి ఆరేస్తా.